ముందు సెల్లులు మార్చండి

న్యూజెర్సీకి కొత్తగా వచ్చిన మనవాళ్లకి మిగతా సంగతులు నేను చెప్పక్కర్లేదు. బ్యాంకు ఖాతా తెరుస్తారు, డ్రైవింగ్ నేర్చుకుంటారు, ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డు ఎక్కడుందో అడక్కుండానే కనుక్కుంటారు. నా బాధంతా గోడ మీదుండే ఆ చిన్న పెట్టెతోనే. థర్మోస్టాట్.

మొన్న జనవరిలో రాత్రి పదకొండింటికి మా కాట్రేనికోన కుర్రాడి ఫోను. "అన్నయ్యా, ఇల్లు చల్లబడిపోయిందండి. కొత్త థర్మోస్టాట్ తెచ్చి పాతది పీకేశాను. ఏ తీగ ఎక్కడ పెట్టాలండి?"

పీకేశాక అడుగుతారా ఎవరైనా! ముందు ఫొటో తీశావా అంటే, "లేదండి" అన్నాడు. ఒళ్లు మండింది. నేను చేసిన పనే వీడూ చేశాడు మరి.

ఇల్లు కొన్న మొదటి చలికాలం. గబగబా వేడెక్కుతుందని 90కి పెట్టాను. అలా ఎక్కదండి. 68కి పెట్టినా ఇంటిని వేడిచేసే మామూలు ఫర్నేస్ అదే జోరున మండుతుంది, ఆగే చోటే వేరు. తెల్లారేసరికి తెర మీద అంకెల్లేవు. పాడైందనుకుని కొత్తది కొన్నాను. ఆ తీగల్లో 24 వోల్టులేగా, ఏం కొడుతుందిలే అని బ్రేకరు కట్టలేదు. నన్ను కొట్టలేదు నిజమే. ఆర్ తీగ వెళ్లి సీ తీగకి తగిలి, ఫర్నేస్ బోర్డు మీది బుల్లి ఫ్యూజు ఎగిరిపోయింది. అక్కడ ఫ్యూజు ఉంటుందనే తట్టలేదు నాకు! కరెంటు పోతే మా నాన్న ఫ్యూజు పీకి రాగి పోగు చుట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి.

రెండు రాత్రులు కోట్లు తొడుక్కుని, పిల్లని మధ్యలో వేసుకుని పడుకున్నాం. కాట్రేనికోనలో చలంటే ధనుర్మాసం తెల్లారుజామే. మా మామ్మ కుంపటి దగ్గర చేతులు కాచుకుంటూంటే పక్కన చేరేవాళ్లం, ఎండెక్కితే దుప్పటి తీసేవాళ్లం. ఇంట్లో ఎంత వేడుండాలో అంకె వేసి చెప్పడమేమిటో!

మూడోరోజు వచ్చిన మెకానిక్ ఐదు నిమిషాల్లో ఫ్యూజు మార్చాడు. తర్వాత నా పాత థర్మోస్టాట్ తీసుకుని రెండు పెన్సిల్ సెల్లులు వేశాడు. వెలిగింది. దానికి రోగమే లేదు!

అందుకని ముందు సెల్లులు మార్చండి. తర్వాత ఫిల్టరు చూడండి, దుమ్ముతో మూసుకుపోతే ఫర్నేస్ వేడెక్కిపోయి తనే ఆగిపోతుంది. ఫర్నేస్ పక్కన అచ్చం లైటు స్విచ్చులా ఒకటుంటుంది, లైటనుకుని ఎవరో ఆపేసి ఉంటారు. ఫర్నేస్ తలుపు సరిగ్గా మూయకపోయినా అది నడవదు. ఇవన్నీ అయ్యాకే థర్మోస్టాట్ మీద అనుమానపడండి.

మార్చాల్సే వస్తే బ్రేకరు కట్టండి. మళ్లీ చెబుతున్నాను, బ్రేకరు కట్టండి. ఫొటో తీయండి. తీగ రంగు నమ్మకండి, అది బిగించిన చోట రాసున్న అక్షరం చూడండి: ఆర్ కరెంటు, డబ్ల్యూ వేడి, వై చల్లదనం, జీ ఫ్యాను, సీ కరెంటు తిరిగెళ్లే దారి. సీ తీగ లేని ఇళ్లలో చాలా స్మార్ట్ థర్మోస్టాట్లు సరిగ్గా నడవవు, కొనకముందే చూసుకోండి. గోడలోంచి లావుపాటి తీగలొస్తే అవి 24 వోల్టులవి కావు, చెయ్యి పెట్టకుండా ఎలక్ట్రీషియన్ని పిలవండి. పాత గుండ్రటి రకాల్లో పాదరసం ఉంటుంది, చెత్తలో పారేయకండి. అద్దెకున్నవాళ్లు స్క్రూడ్రైవరు ముట్టుకోకుండా ఇంటాయనకి ఫోను చేయండి, వేడి ఇవ్వడం ఆయన బాధ్యత.

ఆ రాత్రి కారు తీసి వెళ్లాను, సెల్లులు జేబులో వేసుకునే. కుర్రాడి పాతదానికి వేస్తే వెలిగింది. బ్రేకరు కట్టి, గోడ పలక మీద అక్షరాలు, ఫర్నేస్ బోర్డు మీద అక్షరాలు సరిచూసుకుంటూ తీగలు బిగించేసరికి ఒంటిగంట. ఫర్నేస్ అందుకుంది. ఈలోగా కాట్రేనికోన నుంచి వాళ్లమ్మ వీడియోలోకి వచ్చింది, వెనక ఎండలో కొబ్బరాకులు ఊగుతున్నాయి.

"అక్కడ మంచంటగా బాబూ, కిటికీలు వేసుకున్నారా?" అంది.

"వేసుకున్నామండి" అన్నాను.