పరలోక విశ్వాసానికి పరీక్ష పొలం గట్టు మీదే

కొంతకాలం క్రితం చాపాడులో ఒక జనాజాకు హాజరై, ఖబరస్తాన్ నుంచి తిరిగి వస్తున్నాం. మృతుని పెద్ద కుమారుడు మా చేయి పట్టుకుని, "హజ్రత్, మా అబ్బాకు జన్నత్ దొరకాలని దుఆ చేయండి" అంటూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. దుఆ చేశాం. దారిలో తండ్రి వదిలిన కేసీ కాల్వ కింది మాగాణి మాట వచ్చింది. అక్కచెల్లెళ్ల వాటా గురించి అడిగితే, "వాళ్లకు పెళ్లిళ్లు చేశాం కదా హజ్రత్! అది దునియా వ్యవహారం. దీన్‌తో దానికేం పని?" అన్నాడు.

ఈ మాట ఆయన ఒక్కడిదే కాదు. నమాజు, రోజా పరలోకం కోసం, పొలం పుట్రా ఇహలోకం కోసం అని మనలో చాలామంది విడదీసి చూస్తారు. దివ్య ఖుర్ఆన్ అలా విడదీయలేదు. నిసా సూరా 11, 12 ఆయతుల్లో వారసుల వాటాలున్నాయి. వెంటనే 13, 14 ఆయతుల్లో, ఇవి అల్లాహ్ విధించిన హద్దులని, పాటించేవారికి స్వర్గం, అతిక్రమించేవారికి నరకాగ్ని అని ఉంది. ఆస్తి పంపకం పక్కనే ఆఖిరత్ ప్రస్తావన ఎందుకొచ్చిందో ఆలోచించండి.

ఉహద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయన సోదరుడు ఆస్తినంతా స్వాధీనం చేసుకున్నాడు. సఅద్ (రజి) భార్య తన ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి మొరపెట్టుకున్నారు. వారసత్వ ఆయతు అవతరించింది. కూతుళ్లకు మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినదే తీసుకోమని ఆ సోదరుణ్ణి ప్రవక్త (స) ఆదేశించారు (తిర్మిజీ, అబూదావూద్).

మన ఊరి లెక్కలో చూద్దాం. అప్పులు, వసియ్యత్ పోగా ఒక వ్యక్తికి 8 ఎకరాలు మిగిలాయి. తల్లిదండ్రులు లేరు, భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. భార్యకు 1 ఎకరం, కొడుకులకు రెండేసి, కూతుళ్లకు ఒక్కొక్కటి చొప్పున వస్తుంది. కట్నకానుకలు ఈ వాటాకు బదులు కావు. దేశ చట్టమూ అడ్డు కాదు. 1937 నాటి షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించినా, 1949లో నాటి మద్రాసు రాష్ట్రం ఆ మినహాయింపును తొలగించింది. అప్పుడు మన కడప జిల్లా ఆ రాష్ట్రంలోనే ఉండేది.

"చెల్లెలే వద్దంది" అంటారు కొందరు. పుట్టింటి గడప దూరమవుతుందనే భయంతో అన్న మాట సమ్మతి కాదు. ముందు వాటా ఆమె పేర రాసి చేతికివ్వండి. ఆ తర్వాత ఆమె మనస్ఫూర్తిగా తిరిగి ఇస్తే అది వేరే విషయం.

ఆ చెల్లెలు అన్న మీద కోర్టుకెక్కదు, పంచాయితీ పెట్టదు. అడిగేవారు లేని ఆ చోటే ఆఖిరత్ విశ్వాసం పనిచేయాలి. స్వర్గనరకాలు ఉన్నాయని నోటితో ఒప్పుకోవడమే విశ్వాసం కాదు. ఇక్కడ నోరు విప్పలేనివారి ఫిర్యాదు అక్కడ వినబడుతుందని నమ్మి, ఈరోజే హక్కు చెల్లించడం విశ్వాసం. మనిషిని అలా తయారు చేయడమే దీన్ ఉద్దేశం. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని ప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం).

సోదరులారా! తండ్రి మగ్‌ఫిరత్ కోసం దుఆ తప్పక చేయండి. దానితోపాటు పాసుపుస్తకం కూడా ఒకసారి తెరవండి. ఆయన వదిలిన నేలలో ఆయన కూతుళ్ల పేర్లు ఉన్నాయా?

హక్కుదారుల హక్కులు చెల్లించి తన సన్నిధికి చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.