విలన్‌కి కథ ముందు, కండలు తర్వాత

స్టోరీబోర్డ్ ఉద్యోగానికి వెళ్లే కుర్రవాళ్ల పోర్ట్‌ఫోలియోల్లో ఒక విలన్ బొమ్మ తప్పకుండా ఉంటుంది. ఎర్రటి కళ్లు, ఉబ్బిన నరాలు, చేతిలో ఏదో ఆయుధం. గీత బాగానే ఉంటుంది. వాడికి అంత కోపం దేనికో మాత్రం బొమ్మలో ఎక్కడా కనబడదు. ఆ కారణాన్ని బొమ్మలో చూపడం నేర్చుకోవాలంటే కొయొహారు గొతోగే గీసిన మాంగా (జపాన్ కామిక్) 'డీమన్ స్లేయర్' 18వ సంపుటి దగ్గర పెట్టుకోమంటాను.

2016 నుంచి 2020 దాకా 'షోనెన్ జంప్' వారపత్రికలో వచ్చి, 23 సంపుటాలతో ముగిసిన కథ అది. 2025లో తెలుగు డబ్బింగ్‌తో వచ్చిన 'ఇన్ఫినిటీ కాజిల్' సినిమా చూసినవారికి అందులోని రాక్షసుడు అకాజా గుర్తుండే ఉంటాడు. సినిమా వద్దనను గానీ, పని నేర్చుకోవడానికి పుస్తకమే మేలు. తెర మీద రంగూ సంగీతమూ కలిసి ఏడిపిస్తాయి, ఏది ఎంత పని చేసిందో విడదీయలేం. పుస్తకంలో ఉన్నది నల్ల సిరా, తెల్ల కాగితం అంతే.

మనిషిగా ఉన్నప్పుడు అకాజా పేరు హకుజి. జబ్బుపడ్డ తండ్రికి మందుల కోసం దొంగతనాలు చేసి దొరికిపోతాడు. శిక్షగా అతని చేతుల మీద పచ్చబొట్టు పట్టీలు పొడుస్తారు. కొడుకు దొంగ అయ్యాడన్న బాధతో తండ్రి ఉరేసుకుంటాడు. తర్వాత ఒక గురువు చేరదీస్తాడు, ఆయన కూతురు కొయుకితో పెళ్లి కుదురుతుంది. పక్క దోజో (యుద్ధవిద్యల బడి) వాళ్లు బావిలో విషం కలపడంతో ఆ ఇద్దరూ పోతారు. హకుజి ఒట్టి చేతులతో ఆ దోజోలోని 67 మందిని చంపేస్తాడు. రాక్షసుడయ్యాక ఇదంతా మరిచిపోతాడు గానీ, అతని ఒళ్లు మరిచిపోదు. ఆ పట్టీలు ఒంటినిండా గీతలై పాకి ఉంటాయి. పోరులో కాళ్ల కింద విచ్చుకునే మంచురేకు కొయుకి జుట్టులో పెట్టుకున్న నగ ఆకారం. 8వ సంపుటిలో అతను మొదటిసారి వచ్చినప్పుడు ఆ రేకు ఉత్త అలంకారంలా ఉంటుంది. దాని అర్థం తెలియడానికి పది సంపుటాలు ఆగాలి.

గొతోగే గీత నున్నగా ఉండదు. ఎవరి చెయ్యి ఎక్కడుందో తెలియని పోరాటం పేజీలు కూడా ఉన్నాయని నా అభిప్రాయం. అయినా చివర్లో అకాజా నవ్వి, తన దెబ్బ తన మీదే వేసుకునే చోట ఆ లోటు ఎవరికీ పట్టదు. చెయ్యి ఇంకా కుదరలేదని ఆగిపోయేవాళ్లు ఆ పేజీలు చూడాలి.

చూసి కాపీ చెయ్యకండి. ప్రతి పేజీనీ అగ్గిపెట్టెంత గడిలో దించండి. ముఖాలు వద్దు, నలుపు ఎక్కడ, తెలుపు ఎక్కడ అన్నది చాలు. మాంగా కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి, అదే వరసను ఎడమ నుంచి కుడికి మళ్లీ అమర్చి చూడండి. చూపు ఎక్కడ తట్టుకుంటుందో వెంటనే తెలుస్తుంది.

తర్వాత మీ సొంత విలన్. పెన్సిల్ పట్టకముందు అతను ఏం పోగొట్టుకున్నాడో నాలుగు వాక్యాలు రాయండి. ఒంటి మీద దాని గుర్తు ఒక్కటే ఉంచండి. మోసపోయి పొలం రాసిచ్చినవాడైతే, బొటనవేలికి వేలిముద్ర సిరా ఇంకా అంటుకుని ఉండవచ్చు. మొదటి పేజీలో ఆ వేలు ఊరికే కనబడాలి, ఎందుకన్నది ఆరో పేజీలో తెలియాలి.

పోర్ట్‌ఫోలియోలో పోస్టర్ బొమ్మకన్నా ఈ ఆరు పేజీల వరస ముందు పెట్టండి, వెనకాల రఫ్‌లు కూడా. అకాజా ఫ్యాన్ ఆర్ట్ ఉంటే ఒకటి చాలు, అదీ చివర్లో. టీమ్‌తో చేసిన పనైతే మీ చెయ్యి ఎంతవరకో పక్కనే రాయండి. ఇంటర్వ్యూలో గీత గురించి కన్నా "ఈ షాట్ ఇక్కడెందుకు?" అనే ఎక్కువగా అడుగుతారు. అప్పుడు ఆ నాలుగు వాక్యాలు చెప్పండి.