పాకలోని ధూళి, పసివాళ్ల ఊపిరి

పరిశుభ్రతా పరికల్పన: పసితనంలో సూక్ష్మజీవుల సాంగత్యం తగ్గితే అలర్జీ జబ్బులు పెరుగుతాయన్న వాదన. ప్రతిపాదకుడు డేవిడ్ స్ట్రాకన్. 1989, బ్రిటిష్ మెడికల్ జర్నల్. ఆధారం 1958 మార్చిలో బ్రిటన్‌లో పుట్టిన 17,414 మంది పిల్లల వివరాలు. అన్నలు, అక్కలు ఎక్కువగా ఉన్నవారిలో హే ఫీవర్ తక్కువ. ఆ వ్యాసంలోని జబ్బులు హే ఫీవర్, ఎగ్జిమా; ఆస్తమా కాదు. పరీక్షలో తికమక పెట్టే ప్రశ్న ఇక్కడే రావచ్చు.

ఆస్తమాకు బలమైన ఉదాహరణ అమెరికాదే. ఇండియానాలోని ఆమిష్‌లు, దక్షిణ డకోటాలోని హటరైట్‌లు సేద్యం చేసే రెండు సమాజాలు; జన్యుపరంగా దగ్గరివారు. ఆమిష్ పిల్లలు ఇంటి పక్కనే ఉన్న పశువుల పాకలో ఆడుకుంటూ పెరుగుతారు. హటరైట్‌లది యంత్రాల సేద్యం. ఆస్తమా ఆమిష్ పిల్లల్లో 5.2 శాతం, హటరైట్ పిల్లల్లో 21.3 శాతం. ఆమిష్ ఇళ్ల ధూళిలో ఎండోటాక్సిన్ 6.8 రెట్లు ఎక్కువ. ఆ ధూళిని పీల్చిన ఎలుకలకూ ఆస్తమా లక్షణాల నుంచి రక్షణ దొరికింది! (2016, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్.)

ఎండోటాక్సిన్: గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా బాహ్యపొరలోని లైపోపాలిశాకరైడ్.

‘పాత మిత్రులు’ పరికల్పన: మనిషితో పాటే పరిణమించిన సూక్ష్మజీవుల సాంగత్యమే మేలు చేస్తుందన్న వాదన. గ్రాహమ్ రూక్, 2003.

జాగ్రత్త: ‘ఏ మురికైనా మేలే’ అనే ఆప్షన్ తప్పు. పొగ, ఆర్‌ఎస్‌వీ వైరస్ పసి ఊపిరితిత్తులకు హానికరం.

ప్రపంచ ఆస్తమా దినం: మే నెల మొదటి మంగళవారం.