కారులో పాపాయికి వేరే సీటు

దంపతులారా! కాన్పయ్యాక బిడ్డను అద్దె కారులో ఇంటికి తెచ్చుకుంటున్నారా? "తల్లి ఒడిలో ఉంటే భయమేముంది?" అనుకోకండి. కారు దేన్నయినా గుద్దుకుంటే ఎంత బలమైన చేతుల్లోంచైనా బిడ్డ జారిపోతుంది.

పసిబిడ్డకు తల బరువు, మెడ లేత. అందుకే బిడ్డ ముఖం కారు వెనకవైపుకు ఉండే పిల్లల సీటు కావాలి. అప్పుడు తాకిడి మెడ ఒక్కదాని మీదే పడక, వీపంతా ఆనుకుంటుంది. నెలలు నిండకముందే దాన్ని సిద్ధం చేసుకోండి.

కొనేముందు చూడవలసినవి:

1. బిడ్డ బరువుకు తగినదై ఉండాలి.
2. ఏ కారులోనైనా సులువుగా కట్టుకునేలా ఉండాలి, కట్టాక కదలకూడదు.
3. పట్టీ బిగించాక భుజం దగ్గర వేళ్లతో పట్టి చూడండి. మడత చిక్కితే వదులన్నమాట.
4. ప్రమాదానికి గురైన పాత సీటు చౌకగా వచ్చినా వద్దు.

దీన్ని వెనక సీటులోనే కట్టండి. ముందువైపు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే బిడ్డ ప్రాణానికే ముప్పు. 2019 చట్టసవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల సీటుగాని లేకుంటే 1,000 రూపాయల జరిమానా కూడా ఉంది.

ఒడి ముద్దుకు, సీటు ప్రాణానికి!