తుపాను వస్తోందా? కరెంటు పోయేలోపు ఫోన్లు, పవర్ బ్యాంకులు ఇలా రెడీ చేసుకోండి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటాక చాలా ఏరియాల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు కలవలేదు. అప్పుడు జనం వెతుక్కున్నది ఫాస్ట్ ప్రాసెసర్ కాదు, ఇంకో పది శాతం ఛార్జింగ్. మన తీరానికి తుపాన్లు కొత్త కాదు కాబట్టి, ఇంట్లో ఉన్న గ్యాడ్జెట్లతోనే ఎలా సిద్ధం కావాలో స్టెప్ బై స్టెప్ చెప్తాను.

1. టైమ్ ఎంత ఉంది?

వాతావరణ శాఖ సాధారణంగా 48 గంటల ముందు సైక్లోన్ అలర్ట్, 24 గంటల ముందు సైక్లోన్ వార్నింగ్ ఇస్తుంది. నేనైతే అలర్ట్ రాగానే ఛార్జింగ్ మొదలుపెడతాను. గాలి మొదలయ్యాక కరెంటు ఎప్పుడు తీస్తారో చెప్పలేం. ఫోన్లో 'సచేత్' యాప్ వేసుకుని, ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. వాట్సాప్ ఫార్వర్డ్‌లు నమ్మొద్దు.

2. పవర్ బ్యాంక్ అసలు లెక్క

డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటే, 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు నిండుతుందని అనుకుంటాం. నిండదు. ఆ అంకె లోపలి సెల్ వోల్టేజ్ 3.7 దగ్గరది, అంటే 37 వాట్-అవర్లు. 5 వోల్ట్‌లకు మార్చడంలో, ఫోన్ ఛార్జ్ అవ్వడంలో కొంత వేడిగా పోతుంది. చేతికొచ్చేది ఒకటిన్నర సారి లోపే. నలుగురున్న ఇంటికి 20,000ది ఒక్కటి ఉన్నా తలా ఒక ఫుల్ ఛార్జ్ రాదు.

3. ఇన్వర్టర్: ఫ్యానా, ఫోనా?

పాత సీలింగ్ ఫ్యాన్ గంటకు దాదాపు 75 వాట్-అవర్లు తింటుంది. ఒక ఫోన్ ఫుల్ అవ్వడానికి 25 చాలు. అంటే ఒక ఫ్యాన్ ఒక గంట ఆపితే మూడు ఫోన్లు నిండుతాయి! కరెంటు పోయిన మొదటి రాత్రే ఇన్వర్టర్ మొత్తం ఖాళీ చేయొద్దు. ల్యాప్‌టాప్ కూడా ఫుల్ చేసి పక్కన పెట్టండి, అది పెద్ద పవర్ బ్యాంకే. నీళ్లొచ్చే ఇల్లైతే ఇన్వర్టర్ బ్యాటరీని ముందే ఎత్తులో పెట్టించండి.

వైఫై రౌటర్‌కి మినీ యూపీఎస్ ఉంటే మంచిదే. కానీ స్తంభాల మీద ఫైబర్ తెగితే రౌటర్ వెలుగుతుంది, నెట్ రాదు. దాన్నే నమ్ముకోవద్దు.

4. సిగ్నల్ లేనప్పుడు

సిగ్నల్ వీక్‌గా ఉంటే ఫోన్ టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. అందుకే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఇంట్లో వాళ్లు, ఊళ్లో ఉన్న అమ్మమ్మ వాళ్లతో ముందే ఒక టైమ్ అనుకోండి: ఉదయం 8, సాయంత్రం 6, పది నిమిషాలు ఆన్. కాల్ కలవకపోతే ఎస్ఎంఎస్ పెట్టండి, రద్దీలో కూడా అది వెళ్లే అవకాశం ఎక్కువ.

- ఇంట్లో సిమ్‌లు కనీసం రెండు వేర్వేరు కంపెనీలవి ఉండాలి.
- తుపాను టైమ్‌లో టెలికాం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్ అనుమతిస్తే వేరే కంపెనీ టవర్ కూడా పనిచేస్తుంది. మీ సిగ్నల్ పోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ని మాన్యువల్‌గా ఎంచుకుని చూడండి.
- మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. ఆధార్, ఇన్సూరెన్స్ కాపీలు ఫోన్లో సేవ్ చేయండి.
- 112, 1070, 1077 నంబర్లు కాగితం మీద కూడా రాసి పెట్టండి.
- నెట్ లేకపోతే స్కాన్ చేసి కట్టడం కుదరదు, చిల్లర నోట్లు ఉంచుకోండి.

5. తుపాను వెళ్లాక

టీవీ, ఫ్రిజ్, రౌటర్ ప్లగ్‌లు ముందే తీసేయండి. కరెంటు రాగానే పెట్టకండి, వోల్టేజ్ నిలకడగా ఉందో లేదో కాసేపు చూడండి. ఫోన్ తడిస్తే ఆఫ్ చేసి, పోర్ట్ కిందికి వచ్చేలా గాలికి పెట్టండి. పూర్తిగా ఆరేదాకా ఛార్జర్ వద్దు, బియ్యం డబ్బా కూడా వద్దు. జనరేటర్ ఉంటే ఇంటి బయటే నడపండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

కొత్తగా ఏదైనా కొనాలా అంటే, నా సలహా ఒక్క 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్. మిగతావన్నీ మీ ఇంట్లో ఉన్నవే. ఈ ఆదివారం ఒక గంట కూర్చుని పెద్దవాళ్ల ఫోన్లలో కూడా ఈ సెట్టింగ్స్ పెట్టేయండి. అవసరం వచ్చిన రోజు వాళ్లకి నేర్పే టైమ్ ఉండదు.