నవ్వి ఊరుకోకండి: ‘రోబోకాప్’ సినిమాలో వ్యంగ్యం

పిల్లలూ! హాస్యం వేరు, వ్యంగ్యం వేరు. హాస్యం నవ్వించి వదిలేస్తుంది. వ్యంగ్యం నవ్వించాక ఆలోచనలో పడేస్తుంది. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం గొప్పలు వింటే నవ్వొస్తుంది. కాసేపయ్యాక, ఆ గొప్పలకు పడిపోయే లోకం మీదికి మన చూపు మళ్ళుతుంది. సినిమా ఇదే పని ఎలా చేస్తుందో తెలుసుకోవడానికి 1987లో వచ్చిన అమెరికా సినిమా ‘రోబోకాప్’ మంచి ఉదాహరణ. దర్శకుడు పాల్ వెర్‌హోవెన్‌ది నెదర్లాండ్స్. ఇందులో హింస చాలా ఎక్కువ కాబట్టి మీరు పెద్దయ్యాకే చూడాలి. ఇప్పటికి కథ నేను చెబుతాను.

కథ

రాబోయే కాలంలో డెట్రాయిట్ నగరం. పోలీసు శాఖను నడిపే పని ఓసీపీ అనే కంపెనీ చేతికి వెళ్ళింది. అలెక్స్ మర్ఫీ అనే పోలీసు ఒక స్టేషన్‌కు బదిలీ మీద వస్తాడు. వచ్చిన రోజే దొంగల ముఠా చేతిలో ప్రాణాలు కోల్పోతాడు. కంపెనీ అతని శరీరాన్ని యంత్రంతో కలిపి ‘రోబోకాప్’ను తయారుచేస్తుంది. పేరు పోయింది, జ్ఞాపకాలు చెరిగిపోయాయి, డ్యూటీ మాత్రం మిగిలింది.

వ్యంగ్యం ఎక్కడుంది?

1. కథ మధ్యలో టీవీ వార్తలు, ప్రకటనలు వస్తుంటాయి. ఒక ప్రకటనలో ఓ కుటుంబం అణుయుద్ధాన్ని బల్లమీది ఆటగా ఆడుకుంటుంది. భయపడాల్సిన విషయం కూడా అమ్ముడుపోయే సరుకైందన్నమాట.

2. ఈడీ-209 అనే పెద్ద యంత్రాన్ని కంపెనీ సమావేశంలో పరీక్షిస్తారు. ఎదుట ఉన్న ఉద్యోగి తుపాకీ కింద పడేసినా అది కాల్చేస్తుంది. పెద్దాయన బాధంతా కంపెనీకి రాబోయే నష్టం గురించే! అదే యంత్రం తరువాత మెట్లు దిగలేక పడిపోతుంది.

3. రోబోకాప్‌కు పైకి కనిపించే ఆజ్ఞలు మూడు: ప్రజలకు సేవ చెయ్యి, అమాయకులను కాపాడు, చట్టాన్ని నిలబెట్టు. రహస్యంగా నాలుగోది ఉంది: కంపెనీ పెద్దలను అరెస్టు చేయకూడదు. చట్టం అందరికీ సమానమే, దాన్ని కొనుక్కున్నవాళ్ళకు తప్ప!

మనకేమిటి?

తుపాకీని వేలితో గిర్రున తిప్పి ఒరలో పెట్టడం మర్ఫీకి అలవాటు. రోబోకాప్ కూడా అలాగే చేయడం చూసి తోటి పోలీసు ఆన్ లూయిస్ అతణ్ణి గుర్తుపడుతుంది, పేరు పెట్టి పిలుస్తుంది. సినిమా చివర పెద్దాయన పేరు అడిగితే, అతను ఒకే మాట చెబుతాడు: మర్ఫీ.

మీలాగే నేనూ బదిలీల మీద ఊళ్ళు తిరుగుతున్నాను. కొత్త బడిలో మొదట మనకో అడ్మిషన్ నంబరు వస్తుంది. తరువాత ‘కొత్తవాడు’ అనో, ఉత్తరాదిలో అయితే ‘మద్రాసీ’ అనో పిలుస్తారు. అవి మనకు తగిలించిన చీటీలు, మన పేర్లు కావు. ఎవరైనా మీ పేరు తప్పుగా పలికితే విసుక్కోకుండా సరిచేయండి. మీ తరగతికి కొత్తగా ఎవరైనా వస్తే, ఏ ఊరు, ఏ భాష అని అడిగేముందు పేరు అడగండి. ఒకరి పేరు గుర్తుపెట్టుకుని పిలవడం కూడా ఆన్ లూయిస్ చేసినంత పెద్ద పనే.

అభ్యాసం

అ) హాస్యానికీ వ్యంగ్యానికీ తేడా రెండు వాక్యాల్లో రాయండి.

ఆ) మీరు రోజూ చూసే ఒక టీవీ ప్రకటనను ఎంచుకోండి. అది నిజంగా అమ్ముతున్నది ఏమిటి?

ఇ) మీ పేరుకు అర్థం ఇంట్లో అడిగి, తెలుగులో ఐదు వాక్యాలు రాయండి.