చేతికి అలవాటైన మౌస్

పనిముట్టు పాతబడిన కొద్దీ చేతికి దగ్గరవుతుంది. దర్జీ తన కత్తెరను, వడ్రంగి తన ఉలిని ఇతరులకు ఇవ్వడానికి ఇష్టపడరు. ఎన్నో ఏళ్ళుగా పనిచేసిన కంప్యూటర్ మౌస్ విషయమూ అంతే. దసరా నాటి ఆయుధపూజలో నేడు కొడవళ్ళు, రెంచీలతో పాటు కంప్యూటర్‌కూ కుంకుమబొట్టు పెడుతున్నారు. ఆంగ్లంలో మౌస్ అంటే ఎలుక కనుక, వినాయకుని వాహనానికి ఈ గౌరవం తగినదేనని చమత్కరించేవారూ లేకపోలేదు. అటువంటి పాత నేస్తాన్ని వదలి వైరు లేని కొత్త మౌస్‌ను తెచ్చుకోవడమంటే చేతికి మరల పని నేర్పడమే.

హైదరాబాదులోని సనత్‌నగర్ పేరులోనే పని ఉన్నది. ఉర్దూలో 'సనత్' అంటే పరిశ్రమ. 1942లో స్థాపితమై, బస్సుల బాడీలు, రిఫ్రిజిరేటర్లు, చేతిగడియారాలు తయారుచేసిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ కర్మాగారం ఈ ప్రాంతంలోనే నడిచింది. ఇక్కడికి అనతిదూరంలో ఉన్న అమీర్‌పేటలో, మైత్రీవనం పరిసరాలలో, 1990ల చివరినాటికి కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు వరుసగా వెలిశాయి. లేతు యంత్రం ముందు నిలిచిన తరం తరువాతి తరం మౌస్‌ను పట్టుకొన్నది.

ఈ పరికరం పుట్టినప్పుడు కొయ్యపెట్టె. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బర్ట్ ఊహించగా, 1964లో బిల్ ఇంగ్లిష్ దానిని నిర్మించాడు. అడుగున రెండు చక్రాలు, పైన ఒకే మీట. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దానిని బహిరంగంగా ప్రదర్శించారు. 1970లో పేటెంటు లభించినా, ఎంగెల్‌బర్ట్‌కు దానివలన రాయల్టీ ఏమీ రాలేదు. ప్రపంచమంతా వాడే వస్తువును ఊహించినవానికి దక్కిన ప్రతిఫలం ఇది!

తరువాత చక్రాల స్థానంలో రబ్బరు పూత గల బంతి వచ్చింది. బంతి తిరుగుతూ బల్లమీది దుమ్మును లోపలికి మోసుకొనిపోయేది. బంతిని బయటకు తీసి, లోపలి చిన్న రోలర్లకు పట్టిన మురికిని గోటితో గీకి శుభ్రపరచడం ఆనాటి విద్యార్థులు గురువు చెప్పకుండానే నేర్చుకొన్న విద్య. 1999 తరువాత కాంతితో పనిచేసే మౌస్‌లు వ్యాపించాయి. అడుగున వెలిగే దీపం కాంతిలో ఒక చిన్న కెమెరా క్షణానికి వందల, వేల చిత్రాలు తీస్తుంది. వరుస చిత్రాల మధ్య తేడాను లెక్కించి, చేయి ఎటు కదిలిందో తెలుసుకొంటుంది. అందుకే అద్దపు బల్లపైన అది తరచు తడబడుతుంది.

వైరు లేని మౌస్‌లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో సంకేతాలు పంపుతాయి. బల్లపై చిక్కుపడే తోక పోతుంది. ఆ మేలు కాదనలేనిది. అయితే సాధారణ ఆల్కలైన్ పెన్సిల్ బ్యాటరీ ఒక్కటే సుమారు 23 గ్రాములు తూగుతుంది. తేలికపాటి పాత మౌస్‌కు అలవాటుపడిన మణికట్టు ఆ బరువును వెంటనే గుర్తిస్తుంది. కొన్ని రకాలలో గోరంత రిసీవర్ పోయిందంటే మౌస్ కూడా నిరుపయోగమే. పదులకొద్దీ కంప్యూటర్లు ఉన్న శిక్షణ కేంద్రానికి వైరు మౌస్ మేలని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలును.

మార్పు వలన కలిగే చిక్కు డి.టి.పి. పనివారికి బాగా తెలుసు. అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో శుభలేఖలు కూర్చే వ్యక్తి కొమ్ముల, ఒత్తుల మధ్య సరిగా చుక్కంత చోట పాయింటర్‌ను నిలపాలి. కొత్త మౌస్ వేగం వేరు కావడంతో అది గురి దాటిపోతుంది. ఇది మౌస్ లోపం కాదు. కంప్యూటర్‌లో పాయింటర్ వేగాన్ని సవరించి, కొద్దిరోజులు ఓపిక పట్టితే చేయి కుదురుకొంటుంది. అసలు ప్రమాదం అరిగిపోయిన పాతదానితోనే ఎక్కువ. మీట కింది స్విచ్చిలోని లోహపు రేకు అరిగితే ఒక నొక్కు రెండు నొక్కులవుతుంది. రెండు నొక్కులకు పదమంతా ఎంపికవుతుంది. ఆ స్థితిలో ఒక్క అక్షరం కొట్టినా పెండ్లికుమార్తె పేరే మాయం కావచ్చును!

అంతమాత్రాన పాతదానిని విసర్జించవలసిన పనిలేదు. స్విచ్చి చిన్న వస్తువు; సోల్డరింగ్ తెలిసినవారు దానిని మార్చగలరు. మెడ దగ్గర తెగిన వైరునూ అతకవచ్చును. కాని పాత మౌస్‌కు గుండ్రని పి.ఎస్./2 పిన్ను ఉండి, కొత్త కంప్యూటర్‌కు ఆ రంధ్రమే లేకపోతే, మార్పిడి పరికరం వెదకడం కన్న కొత్తది కొనడమే సులభం.

ఇక బాగుచేయలేని మౌస్‌ను చెత్తకుండీలో వేయరాదు. వైరులోని రాగి కోసం పైతొడుగు ప్లాస్టిక్‌ను కాల్చినప్పుడు విషవాయువులు వెలువడతాయి. వాటిని మొదట పీల్చేది ఆ మంట ముందు కూర్చున్న పేద కూలీయే. 2012 మే 1 నుండి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు కంప్యూటర్‌తో పాటు దాని అనుబంధ పరికరాలకూ వర్తించాయి. వాటి స్థానంలో 2016లో ఒకసారి, 2023 ఏప్రిల్ 1 నుండి మరొకసారి కొత్త నియమాలు అమలులోకి వచ్చాయి. పాత మౌస్‌ను అధీకృత సేకరణ కేంద్రానికి లేదా రీసైక్లింగ్ సంస్థకు అప్పగించాలి.

ఇంకా పనిచేసే పాత మౌస్‌కు మాత్రం చాలా ఇళ్ళలో సొరుగులో చోటు దొరుకుతుంది. వైరును మెడకు చుట్టుకొని అది అక్కడే ఉంటుంది. తెల్లవారితే అందవలసిన పని మిగిలి ఉండగా, అర్ధరాత్రి కొత్తదాని బ్యాటరీ అయిపోయిననాడు మొదట వెదికేది దానినే.